కొండ ఎక్కే టికెట్టు

మా వద్ద చదువుకొని, పై చదువులకు అమెరికా వెళ్ళి, ఇప్పుడు కొలరాడో రాష్ట్రంలో ఉద్యోగం చేసుకొంటున్న ఒక పూర్వ విద్యార్థి ఆమధ్య మాకొక ఉత్తరం వ్రాశాడు. క్షేమ సమాచారాల తరువాత ఒక ప్రశ్న వేశాడు. “సార్, ఇక్కడ చలికాలంలో మంచుకొండల మీద జారే ఆట ఆడతారు. కొండమీదికి చేర్చే లిఫ్టుకు ఒక్కరోజు టికెట్టు మూడువందల డాలర్లు దాటింది. నాకూ, నా భార్యకూ కలిపితే ఆరువందల పైమాట. తోటి ఉద్యోగులంతా వెళుతున్నారు, మమ్మల్ని కూడా రమ్మంటున్నారు. ఒక్కరోజు సరదాకు ఇంత పెట్టడం సబబేనా? మీరేమంటారు?”

ఈ ప్రశ్నను మేము తరగతిలో చదివి వినిపించాము. ఆరువందల డాలర్లంటే మన రూపాయలలో యాభై వేలకు పైన అని లెక్క తేలగానే తరగతి అంతా ఘొల్లుమన్నది. “ఆ డబ్బుతో మా తమ్ముడి కాలేజీ ఫీజు తీరిపోతుంది సార్” అన్నాడొక విద్యార్థి. “మంచుమీద జారిపడడానికి డబ్బు కూడా ఇవ్వాలా?” అన్నది ఒక విద్యార్థిని. మేము కూడా నవ్వాము. కాని ఇంటికి వచ్చిన తరువాత ఆ నవ్వు మాకే ఎబ్బెట్టుగా తోచింది. ఎక్కడో ఉన్న కొండను చూచి నవ్వడం సులభం. మన ఊరి కొండకు కూడా టికెట్టు ఉన్నది. ఆ టికెట్టు కిటికీ వద్ద మన విద్యార్థులకు జరిగినది ఏమిటో మాకు తెలుసు. అందుచేత ఈ విషయాన్ని కొంచెం నిదానంగా విచారించి, విద్యార్థుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచదలచాము.

మొదట ఆ దూరపు కొండ సంగతి చూద్దాము. మంచుమీద జారడానికి నిజానికి డబ్బు అక్కరలేదు. భూమ్యాకర్షణ శక్తి ఎవరి వద్దా టికెట్టు వసూలు చేయదు. డబ్బు అయ్యేది కిందికి రావడానికి కాదు, పైకి పోవడానికి. పూర్వం ఆ ఆట ఆడేవారు పలకలు భుజాన వేసుకొని పూటంతా కొండ ఎక్కి, నిమిషాలలో కిందికి జారి వచ్చేవారు. రోజుకు ఒకటి రెండుసార్లు జారితే అదే గొప్ప. 1936లో అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో, సన్ వేలీ అనే చోట యూనియన్ పసిఫిక్ రైల్వే కంపెనీ మొట్టమొదటి కుర్చీ లిఫ్టును ఏర్పాటు చేసింది. దానిని రూపొందించిన ఇంజనీరు జేమ్స్ కరన్. అరటిగెలలను కొక్కేలకు తగిలించి, కదిలే తాడు మీద ఓడలలోకి ఎక్కించే యంత్రం ఆయనకు తెలుసు. కొక్కెం స్థానంలో కుర్చీని, గెల స్థానంలో మనిషిని ఉంచి చూశాడు. ఓడరేవు పట్టణంలో పుట్టి పెరిగిన మనకు ఈ ఊహలోని సొగసు వేరుగా చెప్పనక్కరలేదు. సరుకును ఎత్తే యంత్రమే మనిషి సరదాను ఎత్తే యంత్రమయింది.

ఆ యంత్రం వల్ల రోజుకు రెండుసార్లు జారేవాడు ఇరవైసార్లు జారగలిగాడు. కనుక లిఫ్టు టికెట్టు అమ్మే వస్తువు కొండ కాదు, మంచు కాదు, కాలం. కాళ్ళ కష్టం తగ్గించి, ఆ మిగిలిన కాలాన్ని మనకు అమ్ముతుంది. ఇది న్యాయమైన వ్యాపారమే. కొలరాడోలోని వెయిల్ అనే ప్రసిద్ధ మంచు విహారస్థలం 1962 డిసెంబరులో మొదలైనప్పుడు ఒక్కరోజు టికెట్టు అయిదు డాలర్లు. ఈ మధ్య సంవత్సరాలలో రద్దీ రోజులలో అది మూడువందల డాలర్లు దాటింది. అంటే అరవై రెట్లకు పైన. అదే కాలంలో అమెరికాలో సామాన్య ధరలు పెరిగినది సుమారు పది రెట్లు. యంత్రాలు పెరిగాయి, కృత్రిమంగా మంచు తయారుచేసే ఖర్చు వచ్చింది, భీమా వచ్చింది, జీతాలు పెరిగాయి. ఇవన్నీ నిజమే. అయినా పది రెట్లకూ అరవై రెట్లకూ మధ్య ఉన్న దూరాన్ని ఇవి పూర్తిగా పూడ్చవు.

ఆ దూరంలో మరొక కిటుకు ఉన్నది. 2008లో వెయిల్ యాజమాన్యం శీతకాలం అంతటికీ చెల్లే పాసును 579 డాలర్లకు అమ్మడం మొదలుపెట్టింది. మంచు పడకముందే, ఎన్నో నెలల ముందుగా డబ్బు కట్టినవారికి ఆ పాసు దొరుకుతుంది. కిటికీ వద్ద రోజు టికెట్టు ధర ఎంత పెరిగితే పాసు అంత చౌకగా కనిపిస్తుంది. ఇప్పుడు ఆలోచించండి. పాసు కొనేవాడెవడు? ఏటేటా వెళ్ళేవాడు, ముందుగా పెద్ద మొత్తం కట్టగలవాడు. కిటికీ వద్ద నిలబడేవాడెవడు? జీవితంలో ఒకసారి చూద్దామని పిల్లలను వెంటబెట్టుకొని వచ్చినవాడు, సెలవు దొరుకుతుందో లేదో ముందుగా తెలియనివాడు, జీతం చేతికి వచ్చిన తరువాతనే ఖర్చు పెట్టగలవాడు. ఎక్కువ ధర పడేది ఇతని మీదనే. బస్తా బియ్యం ఒకేసారి కొనేవాడికి కిలో ధర తక్కువ, ఏ రోజుకారోజు కిలో కొనేవాడికి ఎక్కువ. మన వీధి దుకాణంలో జరిగేదే మంచుకొండ మీద కూడా జరుగుతున్నది. లేమికి ఎక్కడైనా వడ్డీ ఉన్నది.

ఇక మన ఊరికి వద్దాము. మధురవాడ నుండి సముద్రపు ఒడ్డున నగరం వైపు వెళుతుంటే కైలాసగిరి కనిపిస్తుంది. విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ పెంచి పోషించిన పార్కు అది. పైన శివపార్వతుల విగ్రహాలు, చుట్టూ తిరిగే చిన్న రైలు, ఒకవైపు రామకృష్ణా బీచి, మరొకవైపు ఋషికొండ వరకు వంపు తిరిగిన తీరం కనిపించే చోట్లు. పైకి పోవడానికి వాహనాల రోడ్డు ఉన్నది, కాలినడకన వెళ్ళేవారికి మెట్లున్నాయి, రోప్‌వే ఉన్నది. 2025 డిసెంబరులో గాజు వంతెన కూడా తెరిచారు. దానికి వేరే టికెట్టు. మన ప్రాంతంలో మంచు లేదు, ఉండబోదు. కాని ఇనుప తాడుకు వేలాడే పెట్టెలో కూర్చొని కొండ ఎక్కే వేడుక ఉన్నది, దానికొక ధర ఉన్నది. కొలరాడో టికెట్టుతో పోలిస్తే అది చాలా చిన్న ధర. అయినా చిన్నదా పెద్దదా అనేది ధరను బట్టి తేలదు, జేబును బట్టి తేలుతుంది.

గడచిన విద్యా సంవత్సరంలో మా తరగతి విద్యార్థులను ఒక ఆదివారం కైలాసగిరికి తీసుకొని వెళ్ళాము. బస్సు ఛార్జీ ముందుగా వసూలు చేశాము. ఫలాహారం కళాశాల నుండి. రోప్‌వే సంగతి ముందుగా ఎవరూ అనుకోలేదు. అక్కడికి వెళ్ళాక నలుగురైదుగురు ఉత్సాహవంతులు “రోప్‌వే ఎక్కుదాం సార్” అన్నారు. మేము కూడా సరే అన్నాము. ఎవరి టికెట్టు వారు కొనుక్కోవాలి గదా అని వరుసలో నిలబడ్డాము. అప్పుడు ఒక విద్యార్థిని వరుసలోనుండి తప్పుకొని మా వద్దకు వచ్చి, “నాకు ఎత్తంటే భయం సార్, కళ్ళు తిరుగుతాయి. మెట్లెక్కి వచ్చేస్తాను” అన్నది. “సరేనమ్మా, జాగ్రత్తగా రా” అన్నాము. ఆమె వెనుక మరొకరికి ఎత్తంటే భయం వచ్చింది. తరువాత ఒక అబ్బాయికి వచ్చింది. అయిదు నిమిషాలలో తరగతిలో మూడోవంతు మందికి కళ్ళు తిరిగే జబ్బు వచ్చింది. మేము దానిని నమ్మి, మిగిలినవారితో పెట్టెలో ఎక్కి కూర్చున్నాము.

పెట్టె పైకి లేచి కొంత దూరం పోయిన తరువాత కిందికి చూస్తే, మెట్లమీద ఆ పిల్లలు ఒకరి వెనుక ఒకరు చకచకా ఎక్కుతూ కనిపించారు. అందరికన్న ముందు ఆ విద్యార్థిని ఉన్నది. అప్పుడు మాకు హఠాత్తుగా జ్ఞాపకం వచ్చింది. ఆ అమ్మాయి ఇల్లు ఆరిలోవ ప్రాంతంలో కొండవాలు మీద, చిట్టచివరి వరుసలో. హాజరు తక్కువైనదని ఒకసారి అడిగినప్పుడు, కింద కొళాయి వద్ద నీళ్ళు పట్టుకొని రోజూ ఉదయం ఇన్ని బిందెలు మెట్లెక్కించి, అటు తరువాత కాలేజీకి రావాలని ఆమే చెప్పింది. నెత్తిమీద బిందెతో నిత్యం కొండ ఎక్కే పిల్లకు ఎత్తంటే భయమా? ఆమెకు భయం కొండ ఎత్తును చూచి కాదు. టికెట్టు కిటికీ ఎత్తును చూచి. ఆ సంగతి మేము వరుసలో నిలబడినప్పుడే గ్రహించి ఉండవలసినది. గాలిలో వేలాడుతున్నప్పుడు గ్రహించాము. ఆ రోజు పైన కనిపించిన సముద్రం ఏ రంగులో ఉన్నదో మాకు జ్ఞాపకం లేదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. రోప్‌వేను ఉచితం చేయాలని గాని, ఆ టికెట్టు అన్యాయమని గాని మేము అనడం లేదు. తాడుమీద మనిషి ప్రాణం వేలాడుతుంది. ఆ తాడును తనిఖీ చేయాలి, చక్రాలకు నూనె పెట్టాలి, కరెంటు పోతే నడిపే ఏర్పాటు ఉండాలి, గాలి హెచ్చితే ఆపే మనిషి ఉండాలి. ఇనుమును ఉప్పుగాలి ఎంత త్వరగా తినివేస్తుందో విశాఖవాసులకు వేరే చెప్పాలా? మన కిటికీ చువ్వలే సాక్ష్యం. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను ఈ కొండమీది పచ్చదనాన్ని ఒక్క పూటలో ఊడ్చివేసింది. అటువంటి తీరాన యంత్రాన్ని నిలబెట్టడం ఖర్చుతో కూడిన పని.

ఆ ఖర్చులో లోభం చూపితే, అప్రమత్తత సడలితే ఏమవుతుందో దేశం చూసింది. కాశ్మీరులోని గుల్‌మార్గ్ మన దేశంలో మంచు జారుడు ఆటకు పేరుపొందిన చోటు. అక్కడి గండోలా మొదటి దశ 1998లో, సుమారు 3,980 మీటర్ల ఎత్తున అఫర్వట్ కొండ భుజం వరకు పోయే రెండవ దశ 2005లో ప్రారంభమయ్యాయి. 2017 జూన్ 25న ఈదురుగాలికి చెట్టు కూలి తాడుమీద పడి, ఏడుగురు మరణించారు. 2022 ఏప్రిల్ 10న జార్ఖండ్‌లోని దేవఘర్ వద్ద త్రికూట పర్వతం రోప్‌వేలో ప్రమాదం జరిగి, పెట్టెలలో చిక్కుకొన్నవారిని వైమానిక దళం హెలికాప్టర్లతో దించవలసి వచ్చింది. ముగ్గురు చనిపోయారు. కనుక చౌక టికెట్టే మంచి టికెట్టు అని మేము అనలేము. తాడు భద్రత కొరకు ఇచ్చే రూపాయి దుబారా కాదు. టికెట్టు ధరలో ఎంత భాగం తాడుకు పోతున్నదో అడిగే హక్కు మాత్రం కొన్నవాడికి ఉన్నది.

అయితే అమ్మదగినది ఏది, అమ్మరానిది ఏది అనే విచక్షణ ఉండాలి. యంత్రాన్ని అమ్మవచ్చు, కొండను అమ్మరాదు. ఎక్కించే సేవకు వెల కట్టవచ్చు, చూచే కంటికి వెల కట్టరాదు. మనకు దగ్గరలోని ఋషికొండ బీచికి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. మంచిదే. 2023 జూలైలో ఆ బీచిలోకి రావడానికే మనిషికి ఇరవై రూపాయలు వసూలు చేయాలని తలపెట్టారు. జనం ఒప్పుకోలేదు, నిరసన తెలిపారు. ఆ ఆలోచన విరమించబడింది. ఇరవై రూపాయలు పెద్ద మొత్తమా అని అప్పుడు కొందరు అడిగారు. మొత్తం చిన్నదే, ప్రశ్న పెద్దది. సముద్రం వద్దకు పోవడానికి కిటికీ ఉండాలా అన్నది ఆ ప్రశ్న. స్నానాల గదికి, బండి నిలుపుకొనే చోటుకు, పడవ షికారుకు రుసుము తీసుకొంటే ఎవరూ కాదనలేదు. ఇసుకకు తీసుకొంటామంటే కాదన్నారు. ఆ తేడాను సామాన్య జనం పండితులకన్న ముందుగా గుర్తించారు.

పాత ఊరి వైపు వెళ్ళి చూడండి. ఓడరేవు ముఖద్వారాన పక్కపక్కన మూడు కొండలు. ఒకదానిమీద ఇస్‌హాఖ్ మదనీ ఔలియా దర్గా, ఒకదానిమీద వేంకటేశ్వరస్వామి గుడి, ఒకదానిమీద మేరీమాత చర్చి. రాస్ అనే దొర 1864లో ఇల్లు కట్టుకొన్నందున చర్చి ఉన్న కొండకు రాస్ హిల్ అని పేరు వచ్చింది. మూడు కొండల మీదికి మూడు మతాలవారు, ఒక్కొక్కప్పుడు ఒకరి కొండకు ఒకరు, ఎక్కుతూనే ఉన్నారు. పై నుండి ఓడలు లోనికి వచ్చే దృశ్యం చూడడానికి ఎవరూ ఎవరికీ ఏమీ చెల్లించడం లేదు. ఇక మసీదులో సంగతి మనకు తెలిసినదే. నమాజుకు నిలబడే సఫ్‌లో ముందుగా వచ్చినవాడికి ముందు వరుస. ఆలస్యంగా వచ్చిన ధనికుడు వెనుకనే నిలబడతాడు. ముందు వరుసకు టికెట్టు పెట్టిన మరునాడు అది మసీదు కాదు.

ఈ మాట మేము అంటే మా సహోపాధ్యాయులొకరు ఇలా వాదించారు. “విహారం మసీదు కాదు. అరకు వెళ్ళే రైలులో మామూలు పెట్టె ఉన్నది, 2017 ఏప్రిల్‌లో వచ్చిన అద్దాల పెట్టె కూడా ఉన్నది. టికెట్టు ధరలలో అనేక రెట్లు తేడా ఉన్నది. ఇద్దరూ దాటేవి అవే యాభై ఎనిమిది సొరంగాలు. అద్దాల పెట్టెలో కూర్చొన్నవాడిని చూచి మామూలు పెట్టెలో ఉన్నవాడు ఏడవనక్కరలేదు. డబ్బున్నవాడు ఎక్కువ ఇస్తే ఆ డబ్బుతో రైలు నడుస్తుంది. మెట్లు ఉన్నాయి, ఇష్టమైనవాడు మెట్లెక్కుతాడు. ఇందులో అన్యాయం ఏమున్నది?”

ఈ వాదంలో బలం ఉన్నది, కాదనలేము. అరకు రైలులో ఎవరి ప్రయాణం వారిది. ఒక కుటుంబం అద్దాల పెట్టెలో, మరొక కుటుంబం మామూలు పెట్టెలో పోతే అది వారి వారి స్తోమత. మామూలు పెట్టె కిటికీ వద్ద కూర్చొని, చేయి బయటపెట్టి బొర్రా గుహల గాలిని పట్టుకొన్న పిల్లవాడికి తక్కువ ఆనందం కలిగిందని మేము అనము. కాని కళాశాల విహారయాత్ర అటువంటిది కాదు. అది ఒక తరగతి చేసే ప్రయాణం. తరగతి గదిలో మేము ఒకే పాఠం చెబుతాము. డబ్బున్నవాడికి ఒక పద్యం, లేనివాడికి ఒక పద్యం చెప్పము. అటువంటి తరగతిని బస్సు దించి, “ఎవరి టికెట్టు వారు కొనుక్కోండి” అనగానే అది రెండు తరగతులవుతుంది. అలా విడదీసినది రోప్‌వే సంస్థ కాదు. వారు తమ ధర బోర్డుమీద వ్రాసి పెట్టారు. విడదీసినది మేము, ముందుగా ఆలోచించని ఉపాధ్యాయులము. మంచుకొండ కిటికీ వద్ద నిలబడిన పేద తండ్రిలాగే, మా పిల్లలు కూడా ముందస్తు ఏర్పాటు లేనందువల్ల ఎక్కువ మూల్యం చెల్లించారు. వారు చెల్లించినది రూపాయలు కాదు. ఒక అబద్ధం చెల్లించారు. బీదతనాన్ని దాచుకోవడానికి, లేని జబ్బును చెప్పుకోవలసి వచ్చింది.

అందుచేత “ఈ టికెట్టుకు అంత విలువ ఉన్నదా?” అనే ప్రశ్నకు మా సమాధానం ఇది. టికెట్టుమీద అచ్చువేసిన ధరను చూచి విలువ కట్టలేము. మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఆ ధర దేనికి పోతున్నది, తాడుకా, ఆడంబరానికా? అది కొనడానికి నేను ఎవరికి బాకీ పడుతున్నాను? నేను పైకి వెళ్ళినప్పుడు నాతో వచ్చినవారు ఎవరైనా కింద మిగిలిపోతున్నారా? ఈ మూడింటికీ నిర్భయంగా సమాధానం చెప్పగలిగితే మూడువందల డాలర్లు కూడా ఎక్కువ కాదు. చెప్పలేకపోతే మూడు రూపాయలు కూడా ఎక్కువే. హజ్ వంటి మహావిధిని సైతం స్తోమత ఉన్నవారికే విధించిన ధర్మం మనది. లోభం తగదు, ఇస్రాఫ్ కూడా తగదు అని చిన్ననాటి నుండి విన్నాము. వేడుకకు కూడా అదే కొలబద్ద.

కమిటీ పెద్దలకు మా విన్నపాలు కొన్ని ఉన్నాయి.

మొదటిది, విహారయాత్ర ఖర్చు ఎంతో, అందులో ఏమేమి చేరినవో, ఏ టికెట్టు కొనబోతున్నామో నెల ముందుగా నోటీసు బోర్డుమీద పెట్టాలి. దారిలో కొత్త ఖర్చు ఏదీ పుట్టకూడదు. విద్యార్థి జేబులో చేయి పెట్టవలసిన కిటికీ ఏదీ యాత్రలో ఉండరాదు. ఎక్కితే అందరూ ఎక్కాలి, లేకుంటే అందరూ నడవాలి.

రెండవది, ఒక చిన్న విహార నిధి ఏర్పాటు చేయాలి. విద్యార్థి నెలకు పది రూపాయలు, ఉపాధ్యాయులు తమ శక్తి కొలది వేసినా సంవత్సరాంతానికి ఒక యాత్రకు సరిపోతుంది. ఎవరు వేశారో, ఎవరు వేయలేదో తెలియకుండా పెట్టెలో వేయించాలి. జకాత్ సొమ్మును విహారానికి వాడమని మేము అనబోము. దానికి అర్హులు ఎవరో, ఏ పద్దులకు చెల్లుతుందో పెద్దలకు తెలుసు. ఇది వేరే పద్దు, స్వచ్ఛంద విరాళం. పిల్లలకు ఉల్లాసం కూడా చదువులో భాగమే అని నమ్మే దాతలు మన సమాజంలో లేకపోలేదు.

మూడవది, పనిదినాలలో వచ్చే విద్యార్థి బృందాలకు తగ్గింపు ఇవ్వవలసినదిగా కళాశాల తరఫున సంబంధిత సంస్థకు ఒక అర్జీ పంపాలి. పనిదినాలలో ఖాళీగా తిరిగే పెట్టెలో పిల్లలు కూర్చుంటే యంత్రానికి పెద్దగా పెరిగే ఖర్చు లేదు. బస్సు పాసులో విద్యార్థికి రాయితీ ఇచ్చే సంప్రదాయం మన రాష్ట్రంలో ఉన్నదే. ముందుగా పెద్ద మొత్తం కట్టినవారికి తగ్గింపు అనే మంచుకొండ సూత్రాన్ని మనవైపు తిప్పుకొనే ఉపాయం ఇదే. ఒక్కొక్క విద్యార్థి పాసు కొనలేడు, కళాశాల కొనగలదు.

నాలుగవది, రోప్‌వే అక్కరలేని కొండలను మరచిపోవద్దు. మన మధురవాడకు దగ్గరలో బావికొండ, భీమిలి దారిలో తొట్లకొండ ఉన్నాయి. తొట్లకొండను 1976లో నౌకాదళం చేయించిన వైమానిక సర్వే సందర్భంగా గుర్తించారు. 1988 నుండి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వి చూస్తే, రెండువేల ఏళ్ళనాటి బౌద్ధ విహారం బయటపడింది. వాననీటిని నిలువచేయడానికి బండలో తొలిచిన తొట్లను బట్టి ఆ పేరు వచ్చింది. ఆ భిక్షువులు కూడా ఇదే సముద్రాన్ని చూశారు. వర్షం నీటిని తొట్టిలో పట్టి అందరూ పంచుకొని త్రాగారు. కైలాసగిరి రోప్‌వేలో నేర్చుకోగలిగిన దానికన్న అక్కడ నడిచి నేర్చుకోగలిగినది తక్కువ కాదు. ఒక సంవత్సరం రోప్‌వే, ఒక సంవత్సరం కాలిబాట. రెండూ అందరితో కలిసి.

విద్యార్థులకు కూడా ఒక మాట. డబ్బు లేదని చెప్పడం తప్పు కాదు. లేనిదానిని దాచడానికి మీరు ఏ జబ్బూ తెచ్చుకోనక్కరలేదు. జేబులో ఉన్నవారికి మరొక మాట. మీ స్నేహితుడు వరుసలోనుండి తప్పుకొన్నప్పుడు కారణం అడగవద్దు, మీరు కూడా తప్పుకోండి. మెట్లమీద అతనితో కలిసి ఎక్కండి. ఆ రోజు అలా తప్పుకొన్నవారు ఇద్దరున్నారని మాకు తరువాత తెలిసింది. వారి వద్ద డబ్బు ఉన్నది. వారికి ఎత్తంటే భయం కూడా లేదు. ఆ ఇద్దరూ మాకన్న మంచి ఉపాధ్యాయులు.

కొలరాడోలోని మా విద్యార్థికి ఈ మూడు ప్రశ్నలే వ్రాసి పంపాము. అతడు కొంతకాలానికి బదులు వ్రాశాడు. మొదటి ప్రశ్నకు సమాధానం తనకు పూర్తిగా తెలియలేదట. రెండవ ప్రశ్న వద్ద ఆగిపోయాడట. ఇంటికి పంపవలసిన డబ్బు ఆ నెల పంపి, తరువాతి సంవత్సరం కొరకు విడిగా కొంత మిగిల్చుకోవడం మొదలుపెట్టాడట. ఈలోగా వారి వీధి చివర ఉన్న చిన్న దిబ్బమీద, మంచు పడిన రోజున, పిల్లలందరూ ప్లాస్టిక్ పళ్ళేలమీద కూర్చొని జారుతుంటే, భార్యాభర్తలు కూడా వెళ్ళి జారారట. దానికి టికెట్టు లేదు. “పైకి మళ్ళీ నడిచే ఎక్కాలి సార్, అదొక్కటే కష్టం” అని వ్రాశాడు.

రాబోయే విద్యా సంవత్సరంలో మా తరగతి మళ్ళీ కైలాసగిరికి వెళుతుంది. రోప్‌వే కూడా ఎక్కాలని మా కోరిక. ఆ పిల్లలు పెట్టెలో కూర్చొని తమ ఇళ్ళున్న కొండలను ఒకసారి గాలిలోనుండి చూడాలి. ఆ వేడుకకు వారికి అర్హత లేకపోలేదు. ఈసారి టికెట్టు కిటికీ వద్ద ఎవరికీ కళ్ళు తిరగకుండా చూడవలసిన బాధ్యత మాత్రం మనది.